శ్రేయోభిలాషుల కింద శనివారం డాక్టరు

నేను వెబ్‌సైట్లు చేస్తానని మా చుట్టాలందరికీ తెలుసు. ఫలానాది నేనే చేశానని అడగకపోయినా చెప్పుకుంటాను. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పాపానికి ఫోన్ తీసి మరీ చూపిస్తాను. ఒక్కదాని సంగతి మాత్రం రెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. మా నరసరావుపేటలోనే ఒక కంటి ఆస్పత్రికి చేసిన వెబ్‌సైట్ అది. దాన్ని చూస్తే నాకే సిగ్గు. ఆ సిగ్గుతో నోరు మూసుకుని కూర్చున్నందుకు చివరికి అది మా పిన్ని కళ్ల మీదికి వచ్చింది.

మా ఊళ్లో ఆటో ఎక్కి ఆస్పత్రికి పోనియ్యమంటే ఏ ఆస్పత్రికని ఎదురు అడుగుతారు. అన్ని ఉన్నాయి. మాచర్ల నుంచి, క్రోసూరు నుంచి, వినుకొండ నుంచి పొద్దున బస్సులు దిగే జనంలో సగం మంది చంకలో ఎక్స్‌రే కవరు ఉంటుంది. ఈ ఆస్పత్రులకూ, కాలేజీలకూ, నాపరాళ్ల వ్యాపారులకూ నేను వెబ్‌సైట్లు చేసిపెడతాను. ఒక టిఫిన్ సెంటర్ మీద అద్దె గది, ఒక కంప్యూటర్, కరెంటు పోతే ఒక ఇన్వర్టర్. ఇదే నా కంపెనీ.

ఇన్నేళ్ల పనిలో నాకు తెలిసింది ఒక్కటే. వెబ్‌సైట్ తెరిచే మనిషి ఊరికే రాడు, ఏదో ఒక అవసరం పట్టుకుని వస్తాడు. దానికి దారి ఎటో మొదటి చూపులో తెలియాలి. బస్టాండులో దిగినవాడికి మాచర్ల బస్సు ఎక్కడ ఆగుతుందో కావాలి గానీ డిపో మేనేజరు జీవిత చరిత్ర అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నేను పెద్ద చదువులు చదవనక్కర్లేదు, వినేవాళ్లు ఇంగితం ఉన్నవాళ్లయితే చాలు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి డిపో మేనేజరు జీవిత చరిత్రే కావాలి. చైర్మన్ గారి ఫోటో పెద్దది చెయ్యి, ఎమ్మెల్యే గారు శాలువా కప్పింది ముందుకు తీసుకురా, బొమ్మలు కదులుతూ ఉండాలి, పైనుంచి పూలు రాలాలి. కాలేజీ ఫీజు వివరాలు ఎక్కడ పెట్టమంటారని అడిగితే, ఎక్కడో ఒకచోట పెట్టమ్మా అంటారు.

ఇక ఆ మూడు గీతలు. ఫోన్‌లో పేజీ పైన ఒక మూల ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలు ఉంటాయి చూడండి, వాటిని నొక్కితేగానీ లోపలేముందో బయటపడదు. అవి నొక్కేవని మా వైపు ఎంతమందికి తెలుసు? విభూతి రేఖలనుకుని దణ్ణం పెట్టుకున్నా ఆశ్చర్యపోను. అందుకే నా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ వెబ్‌సైట్ పూర్తయినా ముందు కింద టిఫిన్ సెంటర్ ఆవిడ చేతికి ఫోన్ ఇస్తాను. ఫలానాది వెతికి పెట్టు అక్కా అంటాను. ఆమె వెతుకుతున్నంతసేపూ నేను నోరు విప్పకూడదు, వేలు చూపించకూడదు. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ తప్పు నాది. ఆమె విసుక్కుని నీ ఫోన్ నువ్వు పట్టుకుపో, పోపు మాడిపోతంది అన్నదంటే ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

కంటి ఆస్పత్రి వెబ్‌సైట్‌ను ఆమెకు చూపించలేదు.

ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరు గారిది మంచి చెయ్యి. శుక్లాల ఆపరేషన్ అంటే పల్నాడంతా ఆయన గుమ్మంలోనే ఉంటుంది. కొడుకూ కోడలూ కూడా కంటి డాక్టర్లే. కాకపోతే పెట్టుబడి పెట్టింది ఆయన అన్నగారు, గురజాల దగ్గర పొలాలున్న ఆసామి. వెబ్‌సైట్ ఎలా ఉండాలో మాట్లాడదామని నన్ను పిలిచిన రోజు డాక్టరు గారు ఆపరేషన్లలో ఉంటే అన్నగారే కూర్చున్నారు. నేను కాగితం మీద గీసుకుపోయింది ఆయన ముందు పెట్టాను. పైన నాలుగు పెద్ద గళ్లు. మసగ్గా కనిపిస్తోందా, కన్ను ఎర్రబడిందా, పిల్లల కళ్లు, షుగర్ ఉన్నవాళ్ల కళ్లు. ఏది నొక్కితే దాని డాక్టరు, ఆ డాక్టరు వచ్చే రోజు, దాని కిందే అపాయింట్‌మెంట్. మూడు నొక్కుళ్లలో పని అయిపోతుంది. రోగికి డాక్టరు పేరు తెలియదు కదండీ, తన బాధే తెలుసు, అందుకని బాధ నుంచే దారి వేశాను అని చెప్పాను. నా వరకు నాకు ముచ్చటేసింది.

ఆయన ఆ కాగితాన్ని ఒకసారి చూసి, పక్కన పెట్టి, సొరుగులోంచి ఒక శుభలేఖ తీశారు. వాళ్లింట్లో ఈమధ్యే జరిగిన పెళ్లిది. వెబ్‌సైట్ ఇలా రావాలన్నారు. ముందు దేవుడు, తర్వాత కాలం చేసిన పెద్దలు, తర్వాత ఆహ్వానించేవాళ్లు వయసు వరసలో, ఆఖరున బంధుమిత్రులు. హాస్యమాడుతున్నారనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అంతా వరసలోనే జరిగింది. మొదటి పేజీలో దండలు వేసిన వాళ్ల అమ్మానాన్నల ఫోటోలు. మూడు గీతలు నొక్కితే మా పూజ్యులు, మా ప్రస్థానం, మా కుటుంబం, చిత్రమాలిక, శ్రేయోభిలాషులు, సంప్రదించండి. డాక్టర్లు మా కుటుంబంలో ఉంటారు. ఒక్కొక్కరి పేజీ తెరిచి, వాళ్ల చదువులూ సన్మానాలూ దాటి అట్టడుగుకి దిగితే అక్కడ అపాయింట్‌మెంట్ బటన్. ఇంతవరకూ ఎలాగో సర్దుకున్నాను. కానీ ఆ ఆస్పత్రికి నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం గుంటూరు నుంచి ఒక రెటీనా డాక్టరు వస్తాడు. కంటి వెనక పొరను చూసే డాక్టరు. షుగర్ వల్ల ఆ పొర పాడవుతుంటే లేజర్ పెట్టి ఆపేది ఆయనే, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు. నెలకు రెండు రోజులే దొరికే మనిషి కాబట్టి ఈయన్ని ముందు పెడదామండీ అన్నాను.

"అమ్మాయ్, ఇంటి డాక్టర్లను ఎనకబెట్టి బయటాయన్ని ముందేస్తే మావాళ్లకు నేనేం చెప్పుకోవాల? కార్డులో మా పెదబాబాయి పేరు ఒక వరస కిందకి పోయిందని మూడేళ్లు మా గడప తొక్కలా. అయ్యన్నీ నీకు తెలవవు."

నాకు తెలుసు. మా ఇంట్లోనూ శుభలేఖల్లో పేర్ల గురించి తెగిన బంధుత్వాలున్నాయి. అందుకే వాదించలేకపోయాను. రెటీనా డాక్టరు ఇంటి మనిషి కాదు కాబట్టి శ్రేయోభిలాషుల్లోకి వెళ్లాడు. అక్కడ కూడా మూడోవాడు. మొదటిది ఆస్పత్రికి స్థలం ఇప్పించినాయన, రెండోది కళ్లజోళ్ల షాపాయన, మూడోది ఈయన. పైగా నాలుగు రోజుల్లో ముహూర్తం ఉంది, ఆలోపు అయిపోవాలన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. ముహూర్తానికి కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టారు, మానిటర్‌కు కుంకుమబొట్టు పెట్టారు, నేను ప్లేటులో స్వీటు తిని ఇంటికొచ్చాను. ఆ మరుసటి వారం నుంచి అపాయింట్‌మెంట్లన్నీ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలని ఆస్పత్రి గుమ్మానికి బోర్డు కూడా పెట్టారు. కౌంటర్‌లో అమ్మాయికి ఎవరు ఫోన్ చేసినా అదే జవాబు.

మా పిన్ని, అంటే అమ్మకు చెల్లెలు, నడికుడిలో ఉంటుంది. బాబాయి రైల్వేలో పట్టాల పని చేసి పోయాడు. ఆమె రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టిన జాకెట్‌కు హుక్కు ఊడిందని తిరిగొచ్చినవాళ్లు లేరు. పదేళ్లుగా షుగరుంది. ఫోన్ వాడకం ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుంది, అందులో మెడ డిజైన్లు చూసి కుడుతుంది. ఆమెకు ఆ కళ్లే బతుకుతెరువు.

ఈ ఏడు మిరపకోతలప్పుడు నాకు ఫోన్ చేసింది. "ఏమే, ఎడమ కంటి ముందు సాలెగూడు అల్లినట్టు ఉంటంది. సూదిలో దారం ఎక్కటం లా. ఎవరికి చూపించుకోవాల?" అంది. నేనప్పుడు ఒక కాలేజీవాళ్లతో, పైనుంచి పూలు రాలితే పేజీ తెరుచుకోవడానికి యుగాలు పడుతుందని తలబాదుకుంటున్నాను. ఆ ఆస్పత్రి పేరు చెప్పి, షుగర్ కళ్లకు వేరే డాక్టరు శనివారం వస్తాడు, వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో పిన్నీ అని చెప్పి పెట్టేశాను. ఆ వెబ్‌సైట్ ఎలా ఉంటుందో భూమ్మీద అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా నేను తీసిపెడతానని అనలేదు. అది చేసింది నేనేనని అసలే చెప్పలేదు. వారం తర్వాత తీసుకున్నావా అని అడిగితే తీసుకున్నాలే అంది. నేను నమ్మాను. ఆమె అబద్ధం కూడా చెప్పలేదు.

జరిగిందంతా నాకు తర్వాత తెలిసింది. ఆమె మా పూజ్యులకు దణ్ణం పెట్టుకుని, మా ప్రస్థానం మొత్తం చదివి, మా కుటుంబంలో మొదటి పేరు నొక్కి పెద్ద డాక్టరు గారికి బుక్ చేసుకుంది. ఇరవై రోజుల తర్వాత దొరికింది. పిడుగురాళ్ల మీదుగా బస్సులో వస్తే ఆయన చూసి, ఇది శుక్లం కాదమ్మా, రెటీనా డాక్టరుకు చూపించుకోండి, ఆలస్యం చెయ్యొద్దని చీటీ రాశారు. కౌంటర్‌లో అమ్మాయి చీటీ చూసి, వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోండమ్మా, మూడు గీతలు నొక్కితే ఉంటది అంది. ఇంటికి పోయి మూడు గీతలు నొక్కితే మళ్లీ మా కుటుంబమే. అందులో వెతికి వెతికి, శనివారం అని రాసున్న డాక్టరమ్మ దగ్గర బుక్ చేసింది. ఆమె డాక్టరు గారి కోడలు, ప్రతి శనివారం చూస్తుంది, కానీ చూసేది పసిపిల్లల కళ్లు. అది మొదటి శనివారం కూడా కావడంతో గుంటూరు డాక్టరు లేడు. మళ్లీ నడికుడి. శ్రేయోభిలాషులు అన్న మాట ఆమెకు కనిపించింది, చదివింది కూడా. కానీ తన కంటికి వైద్యం చేసేవాడు అక్కడ ఉంటాడని ఏ మనిషికైనా ఎలా తోస్తుంది? శ్రేయోభిలాషులంటే చందాలిచ్చినవాళ్లేమో, మనకెందుకని వదిలేసిందట. ఇలా తిరుగుళ్లతో రెండున్నర నెలలు పోయాయి.

ఒక రెండో శనివారం ఆస్పత్రి అన్నగారు నన్ను పిలిపించారు. కొత్త బిల్డింగు ప్రారంభం ఫోటోలు చిత్రమాలికలో ముందు వరసలోకి తేవాలట. లాప్‌టాప్ సంచీ తగిలించుకుని మెట్లెక్కబోతుంటే, కింద బెంచీ మీద చీటీ పట్టుకుని మా పిన్ని కనిపించింది. బుకింగ్ దొరకక, తాడోపేడో తేల్చుకుందామని పొద్దున తొలి బస్సుకే వచ్చి కూర్చుందట. బుకింగ్ లేనిదే డాక్టరు చూడరని కౌంటర్‌లో అమ్మాయి రెండుసార్లు చెప్పిందట. ఎడమ కంటికి నా మొహం ఎలా కనిపిస్తోందని అడిగాను. "నల్లగుడ్డ కప్పినట్టుంది, నాలుగు రోజులైంది" అంది, వాయిదా పడ్డ పెళ్లి గురించి చెప్పినంత నిదానంగా.

నాకు ఒళ్లు మండిపోయింది. కౌంటర్ దగ్గరికి వెళ్లి గట్టిగానే అరిచాను. ఆ అమ్మాయి బెదిరిపోయింది, పాపం పైవాళ్లు చెప్పమన్నదే చెబుతోంది. చివరికి లోపలికి కబురు వెళ్లింది, చూస్తాను రమ్మని రెటీనా డాక్టరు అన్నాడు. పిన్ని కళ్లలో చుక్కలు వేశారు. కంటిపాప పెద్దది కావడానికి అరగంట పడుతుందన్నారు.

ఆ అరగంటలో నేను మేడ మీదికి వెళ్లాను. అన్నగారు ఫోటోలు ముందు పెట్టుకుని రిబ్బన్ కత్తిరించింది మొదటిది, జ్యోతి వెలిగించింది రెండోది అని వరస చెబుతున్నారు. కింద మా పిన్ని కూర్చునుందని, రెండున్నర నెలలుగా మీ శనివారం డాక్టరు ఎక్కడున్నాడో దొరక్క తిరుగుతోందని చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, నాకు ఫోన్ చేస్తే నేనే చెప్పేవాణ్ని కదమ్మా" అన్నారు. రోజూ వచ్చే జనమందరికీ మీ నంబరు ఉంటుందా అని అడిగాను. ఇన్నాళ్లూ ఎవరూ వచ్చి అడగలేదే అన్నారు. అడిగినవాళ్లను కింద గుమ్మం దగ్గరే వెబ్‌సైట్‌లో చూసుకోమని తిప్పి పంపుతున్నారు కదండీ అన్నాను. ఆయన శుభలేఖ లాగే ఈ ఫోటోలను కూడా వరసలో పేర్చుతూ, అయితే ఏం చేద్దామంటావు, ఆ డాక్టరు పేరు మరీ మొదట్లో కాకుండా రెండో పేజీలో వేస్తే ఎలా ఉంటుంది అన్నారు. ఆయనతో మాట్లాడటం దండగ.

అక్కడే కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ఆయన్ని అడగలేదు. దండలేసిన ఫోటోలకు పైన, అన్నిటికన్నా మొదట, షుగర్ ఉండి చూపు తగ్గిందా, రెటీనా డాక్టరు కోసం ఇక్కడ నొక్కండి అని పెద్ద అక్షరాలతో ఒక గడి పెట్టాను. దాని వెనకే డాక్టరు వచ్చే తేదీలు, దాని కిందే బుకింగ్. ఫోన్‌లో తెరిచి చూశాను, రెండు నొక్కుళ్లలో అయిపోయింది. మొత్తం పని పది నిమిషాలు పట్టింది. పది నిమిషాలు. రెండేళ్లలో ఏ రోజైనా, ఆ అన్నగారు పొలం మీదికి పోయిన ఏ మధ్యాహ్నమైనా నేను చేసి ఉండగల పని అది. గొడవైతే అప్పుడు చూసుకునేదాన్ని. మహా అయితే వాళ్లు నన్ను మానిపించి ఇంకొకరిని పెట్టుకునేవాళ్లు. అన్నగారి మీద తిట్టుకుంటున్న తిట్లన్నీ అక్కడ నా మీదికి తిరిగాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు లాప్‌టాప్ మూసి కిందికి దిగాను.

రెటీనా డాక్టరు చిన్నవాడు, ఓపికమంతుడు. చీకటి గదిలో చాలాసేపు ఒక కన్ను, చాలాసేపు ఇంకో కన్ను చూశాడు. ఎడమ కంట్లో రక్తం చిమ్మి, వెనక పొర ఊడి వచ్చేసిందన్నాడు. గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయొచ్చు గానీ, సూది పని చేసే చూపు ఆ కంటికి ఇక రాదన్నాడు. ఈ చీటీ రాసినప్పుడే వచ్చి ఉంటే లేజర్‌తో ఆగేదని దాని మీది తేదీ చూస్తూ అన్నాడు. కుడి కంట్లో కూడా మొదలైంది, కానీ అది ఇంకా చేతిలో ఉంది, ఇవాళే లేజర్ పెడదామన్నాడు. తర్వాత ఇంతాలస్యం ఎందుకు చేశారమ్మా అని మెల్లగానే అడిగాడు.

"తప్పు నాదే సారూ," అంది పిన్ని. "మీ పేరు ఫోన్లో యాడుందో చూసుకోవటం నాకు రాలా. అందరూ చూసుకుంటన్నారు. నేను పదో తరగతి కూడా పాసవలా."

ఇలాంటి మాట నేను ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను. దారి సరిగా వేయనివాణ్ని ఎవరూ ఏమీ అనరు, తప్పిపోయినవాళ్లే తలదించుకుంటారు. కానీ ఇంతకు ముందెప్పుడూ ఆ దారి వేసింది నేనూ, తలదించుకున్నది మా పిన్నీ కాలేదు. డాక్టరు అక్కడే ఉన్నాడని కూడా చూడలేదు.

"తప్పు నీది కాదు పిన్నీ. ఆ వెబ్‌సైట్ చేసింది నేనే. ఆయన పేరు ఎవరికీ దొరకని చోట పెట్టింది నేనే."

చుక్కల మందుకు ఆమెకు ఏ కన్నూ సరిగా ఆనడం లేదు. నా గొంతు వినిపించిన వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. చెయ్యి చాపి, గాల్లో తడిమి, నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు చేశావా? మరి నాకు చెప్పవేందే" అంది. ఆ తర్వాత డాక్టరు ముందు నా పరువు కాపాడుతున్నట్టుగా, గొంతు కొంచెం పెంచి అంది. "నువ్వు చేసిందయితే బాగానే ఉండుంటదిలే. నాకే చేతకాలా."